చందమామకు ఇంగ్లిష్‌ పాట

మంత్రాలయం రాఘవేంద్రస్వామి కీర్తనను కన్నడ వెండితెర మీద వినిపించిన కాకినాడ గాయకుడు పి.బి.శ్రీనివాస్‌. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టాడని తెలిసి ఆయన ఇంగ్లిష్‌లో ఓ పాట రాశారు. దాదాపు ఆ రోజుల్లోనే స్వీడన్‌లో అయిదుగురు కుర్రాళ్లు లండన్‌ బాణీల మీద మోజుతో ఇంగ్లిష్‌లో పాడుతూ ఓ గొప్ప ఆల్బమ్‌ తెచ్చారు. పరాయి భాషలో పాడితే మన పాట మనకు దూరమైపోతుందా? ఈ రెండు కథలూ విన్నాక మీరే చెప్పండి!

అది 1969 జులై 21. మన దగ్గర ఉదయం ఎనిమిదిన్నర కావస్తోంది. నీల్‌ ఆర్మ్‌స్ట్రాంగ్‌ చంద్రుడి మీద కాలు మోపాడు. అప్పటికి మద్రాసులో టీవీ లేదు. దూరదర్శన్‌ కేంద్రం అక్కడికి వచ్చింది 1975లో. కాబట్టి ఆ కబురు జనానికి చేరింది రేడియోలో, మర్నాటి పేపర్లో. ఇళ్లల్లో, హోటళ్లలో, సినిమా స్టూడియోల్లో కొన్నాళ్లపాటు అదే ముచ్చట. అన్నం తినని పిల్లలకు చూపించే చందమామ మీదికి మనిషి వెళ్లొచ్చాడంటే మాటలా మరి!

అందరూ మాట్లాడుకుని ఊరుకున్నారు. ఒక్కాయన మాత్రం కాగితం తీసుకుని పాట రాశారు. అదీ ఇంగ్లిష్‌లో. ఆయనే ప్రతివాది భయంకర శ్రీనివాస్‌... అందరికీ తెలిసిన పేరు పి.బి.శ్రీనివాస్‌. ఎం.ఎస్‌.శ్రీరామ్‌ బాణీ కట్టారు. 1970లో రికార్డు వచ్చింది. ఓ వైపు ‘మ్యాన్‌ టు మూన్‌’. అది ఎస్‌.జానకితో కలసి పాడిన యుగళగీతం. రెండోవైపు ‘మూన్‌ టు గాడ్‌’. అది శ్రీనివాస్‌ ఒక్కరే పాడారు. ఆ రికార్డును ఆయన ఆర్మ్‌స్ట్రాంగ్‌కూ అప్పటి అమెరికా అధ్యక్షుడు రిచర్డ్‌ నిక్సన్‌కూ పంపించారు. మెచ్చుకుంటూ వాళ్ల నుంచి ఉత్తరాలూ వచ్చాయి.

కాకినాడలో పుట్టిన గాయకుడు, రేపల్లె ప్రాంతంలో పుట్టిన గాయని... మద్రాసులో పాడిన ఇంగ్లిష్‌ పాట అమెరికా దాకా వెళ్లింది. మన సినిమా పాటల చరిత్రలో ఈ సంగతికి దక్కింది ఒకటి రెండు వాక్యాలే. కానీ ఆ చిన్న రికార్డు వెనక పెద్ద ప్రశ్నే ఉంది. తన భాష కాని భాషలో పాడినప్పుడు పాటగాడు ఏం పోగొట్టుకుంటాడు... ఏం సంపాదించుకుంటాడు?

తుంగభద్ర ఒడ్డున

ఈ ప్రశ్న కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్నవాళ్లకు కొత్త కాదు. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం... ఈ ఊళ్లలో తెలుగూ కన్నడమూ పక్కపక్కనే వినిపిస్తాయి. ఆదోని తాలూకా 1953 దాకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకే ఆలూరు, రాయదుర్గం తాలూకాలతోపాటు ఇటువైపు వచ్చింది. పత్తి బేరమైనా పెళ్లిసంబంధమైనా మాట మధ్యలో భాష మారిపోతుంటే ఇక్కడ ఎవరికీ వింతగా ఉండదు.

మంత్రాలయం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకప్పటి మంచాల గ్రామం. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసింది ఇక్కడే. ఆ ఊరిని స్వామికి ఇచ్చింది ఆదోని పాలకుడు సిద్ది మసూద్‌ఖాన్‌ అని చెబుతారు. ఊరేమో తెలుగునాట... వచ్చే భక్తుల్లో సగానికి సగం కన్నడిగులు! దుకాణాల బోర్డులు రెండు భాషల్లో. క్యాసెట్ల కాలం నుంచీ ఇక్కడ మోగే పాటల్లో కన్నడానిదే పైచేయి.

ఇంగ్లిష్‌కీ ఇక్కడ ఓ కథ ఉంది. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాక థామస్‌ మన్రో కలెక్టరుగా వచ్చాడు. మఠం భూముల విషయం తేల్చడానికి మంత్రాలయం వెళ్లిన ఆయనకు, సమాధి చెంది నూట ముప్ఫై ఏళ్లయిన స్వామి కనిపించి మాట్లాడారట. పక్కనున్నవాళ్లకు ఏమీ కనిపించలేదు, వినిపించలేదు. దొర మాత్రం తృప్తిగా తిరిగివచ్చి, మఠానికి అనుకూలంగా రాశాడని చెప్పుకుంటారు. ఇంతకీ స్వామి దొరతో ఏ భాషలో మాట్లాడి ఉంటారు? భక్తులకు అదసలు సందేహమే కాదు. అవతలివాడికి అర్థమయ్యే భాషలో!

అలాంటి మంత్రాలయం మహిమ మీద కన్నడంలో 1966లో సినిమా వచ్చింది. పేరు ‘మంత్రాలయ మహాత్మె’. టి.వి.సింగ్‌ ఠాకూర్‌ దర్శకుడు. రాజన్‌-నాగేంద్ర సంగీతం. రాఘవేంద్రస్వామిగా రాజ్‌కుమార్‌ నటించారు. స్వామి స్వయంగా రచించారని చెప్పే కన్నడ కీర్తన ఆ సినిమాలో ఉంది. కన్నడిగుల పూజగదుల దాకా వెళ్లిన పాట అది. పాడింది ఎవరో కాదు... మన కాకినాడ శ్రీనివాసే! ఆ భక్తి, ఆ ఉచ్చారణ విన్నవాళ్లకు గాయకుడి ఇంటిభాష తెలుగు అన్న అనుమానమే రాదు. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ గొంతే ఇంగ్లిష్‌లో చంద్రమండలం గురించి పాడింది.

జాతకం వద్దంది

శ్రీనివాస్‌ పుట్టింది 1930 సెప్టెంబరు 22న. నాన్న ఫణీంద్రస్వామి ప్రభుత్వోద్యోగి. కొడుకు బాగా చదువుకుని తనలాగే సర్కారు కొలువులో చేరాలన్నది ఆయన కోరిక. శ్రీనివాస్‌ బీకాం చదివారు. హిందీ విశారద పూర్తిచేశారు. మనసు మాత్రం పాటల మీదే. రేడియోలో మహమ్మద్‌ రఫీ గొంతు వినిపిస్తే చాలు, చేస్తున్న పని ఆగిపోయేది. సినిమాల్లో పాడతానంటే తండ్రి ఓ జ్యోతిష్కుడికి జాతకం చూపించారట. ఆ రంగంలో రాణించడని ఆయన తేల్చేశారు. మరొకరైతే అక్కడితో ఆగిపోయేవారేమో. శ్రీనివాస్‌ మాత్రం ఓ ప్రయత్నం చేసి చూస్తానన్నారు.

వాళ్ల కుటుంబానికి తెలిసినవారు వైణిక విద్వాంసుడు ఈమని శంకరశాస్త్రి. అప్పట్లో ఆయన మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసేవారు. ఈమనివారే శ్రీనివాస్‌ను జెమినీ అధినేత ఎస్‌.ఎస్‌.వాసన్‌ ముందు నిలబెట్టారు. ఆ కుర్రాడు తనకెంతో ఇష్టమైన రఫీ పాట పాడి వినిపించాడు. అవకాశం వచ్చింది. 1952లో జెమినీ తీసిన హిందీ సినిమా ‘మిస్టర్‌ సంపత్‌’తో నేపథ్యగాయకుడయ్యారు.

గమనించారా... తెలుగు గాయకుడి తొలి అడుగే పరాయి భాషలో పడింది. ఆ తర్వాతా అంతే. తమిళంలో జెమినీ గణేశన్‌ గొంతయ్యారు. 1961 నాటి ‘పావమన్నిప్పు’, 1962 నాటి ‘సుమైతాంగి’ పాటలను తమిళులు ఇప్పటికీ తలచుకుంటారు. అవకాశాల్లేక మద్రాసు వదిలి వెళ్లిపోదామనుకున్న తమిళకవి వాలి, ‘సుమైతాంగి’ కోసం తాను పాడిన పాటను శ్రీనివాస్‌ వినిపిస్తే ఆ ఆలోచన మానుకున్నారు. ఈ సంగతి వాలీయే చాలాసార్లు చెప్పుకున్నారు. ఆ పాట రాసింది కణ్ణదాసన్‌. వాలి తర్వాత వేల పాటలు రాశారు. 1966లో వచ్చిన ‘రాము’లో చంద్రుడితో మొరపెట్టుకునే పాట కూడా శ్రీనివాస్‌ పాడిందే. మూడేళ్ల తర్వాత ఆ చంద్రుడి మీదకే మనిషి వెళ్తాడని, దాని మీదా తానే పాట రాస్తానని అప్పుడాయన అనుకుని ఉండరు.

ఇంట అతిథి... పొరుగింట ఆత్మీయుడు

మరి సొంతగడ్డ మీద? తెలుగులో శ్రీనివాస్‌ పాటలు తక్కువే. ‘ప్రేమించి చూడు’ (1965), ‘లేత మనసులు’ (1966) లాంటి సినిమాల్లో ఆయన పాడినవి ఇప్పటికీ నిలిచాయి. అయినా అప్పట్లో ఎన్టీఆర్‌, ఏఎన్నార్‌ ఇద్దరికీ గొంతు ఘంటసాలదే. ఆ గంభీరమైన గొంతుకు అలవాటుపడ్డ చెవులకు శ్రీనివాస్‌ది మరీ మెత్తన. తెలుగు పరిశ్రమ ఆయన్ను అప్పుడప్పుడూ వచ్చే చుట్టంలా చూసింది.

కన్నడం మాత్రం ఇంట్లో మనిషిని చేసుకుంది. 1960లో ‘భక్త కనకదాస’లో రాజ్‌కుమార్‌కు పాడినప్పటి నుంచీ దాదాపు పద్నాలుగేళ్లు తెర మీద రాజ్‌కుమార్‌ పాడుతున్నాడంటే వెనక ఉన్నది శ్రీనివాసే. శరీరం నాది, గొంతు శ్రీనివాస్‌ది అన్నంత అభిమానం రాజ్‌కుమార్‌కు. అక్కడ ఆయనకు జోడీగా పాడిన సుశీల విజయనగరం ఆడపడుచు. జానకి గుంటూరుసీమ బిడ్డ. బాణీలు కట్టిన జి.కె.వెంకటేశ్‌దీ తెలుగు మూలాలే. కన్నడిగులు తమ పాటకు స్వర్ణయుగమని చెప్పుకునే రోజుల్లో వినిపించిన గొంతుల్లో ఇన్ని తెలుగువారివి!

ఇదెలా సాధ్యమైందంటే... కష్టపడి నేర్చుకున్నారు కాబట్టి. శ్రీనివాస్‌కు ఎనిమిది భాషల్లో ప్రవేశం ఉండేది. పాట కాగితం ఇస్తే చదివి పాడేసి వెళ్లిపోయే రకం కాదు. మాట అర్థం, దాని పుట్టుక, పలకాల్సిన తీరు అడిగి తెలుసుకునేవారు. ఉర్దూలో గజళ్లు రాశారు. కన్నడంలో, తమిళంలో, తెలుగులో, హిందీలో, సంస్కృతంలో కవిత్వం రాశారు. నేర్చుకున్న ప్రతి భాషలోనూ మొదట పాడారు, ఆపైన రాశారు. ఆ వరసలోదే ఇంగ్లిష్‌ కూడా.

గోథెన్‌బర్గ్‌ బీటిల్స్‌

ఇదే కాలంలో, ఇదే ఇంగ్లిష్‌లో, భూగోళానికి ఆ చివర మరికొందరు పాడుతున్నారు. వాళ్ల కథ వింటే శ్రీనివాస్‌ చేసిన పని విలువ ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

స్వీడన్‌ పడమటి తీరంలో గోథెన్‌బర్గ్‌ అనే రేవు పట్టణం ఉంది. ఇంగ్లాండుతో దాని బంధం ఈనాటిది కాదు. అక్కడివాళ్లు ముద్దుగా ‘చిట్టి లండన్‌’ అంటారు. 1731లో ఆ ఊళ్లో పుట్టిన స్వీడిష్‌ ఈస్టిండియా కంపెనీ పెద్దల్లో ఒకడు కోలిన్‌ క్యాంప్‌బెల్‌ అనే స్కాట్లాండ్‌ వ్యాపారి. రెండొందల ఏళ్ల తర్వాత అదే సముద్రం దాటి బ్రిటిష్‌ పాట వచ్చింది. 1963 అక్టోబరులో బీటిల్స్‌ బృందం స్వీడన్‌లో పర్యటించింది. 27న గోథెన్‌బర్గ్‌లో పాడింది. కుర్రకారుకు పిచ్చెక్కిపోయింది. వీధికో బృందం పుట్టింది!

వాటిలో ఒకటి ‘టాగెస్‌’. 1963లో మొదలైనప్పుడు వాళ్లది ‘స్కిఫుల్‌’ బృందం. అంటే గిటారుకు తోడు ఇంట్లో దొరికే సామాను కూడా వాయిస్తూ పాడే పద్ధతి. దానికి ఊపు తెచ్చింది బ్రిటన్‌ గాయకుడు లానీ డోనెగన్‌. 1964లో ‘పశ్చిమతీరపు బీటిల్స్‌’ ఎవరో తేల్చడానికి పోటీ పెడితే టాగెస్‌ గెలిచింది. అదే ఏడాది తొలి రికార్డు వచ్చింది. గాయకుడు టామీ బ్లూమ్‌, బేస్‌ గిటారు వాయించే యోరాన్‌ లాగెర్‌బెర్గ్‌, మరో ముగ్గురు కుర్రాళ్లు. లండన్‌ కుర్రాళ్ల బట్టలు, జుట్టు, గిటారు మోత, చివరికి భాష కూడా... అన్నీ అరువే. స్వీడిష్‌లో పాడితే పాతకాలం వాళ్లంటారేమోనని వాళ్ల తరం బృందాలు చాలావరకు ఇంగ్లిష్‌లోనే పాడాయి.

అరువు తెచ్చుకున్నవాళ్లు రెండు రకాలు. తెచ్చిందాన్ని తెచ్చినట్టే వాడేవాళ్లు... దాంతో కొత్తది చేసేవాళ్లు. టాగెస్‌ మొదట మొదటి రకమే. మూడేళ్లలో రెండో రకానికి ఎదిగింది. దానికి సాక్ష్యం 1967 చివర్లో వచ్చిన ‘స్టూడియో’ ఆల్బమ్‌. ఆ ఏడాది జూన్‌లోనే బీటిల్స్‌ ‘సార్జంట్‌ పెప్పర్స్‌’ ఆల్బమ్‌ సంచలనం సృష్టించింది. పాటను స్టేజీ మీద పాడినట్టు రికార్డు చేసే రోజులు పోయాయనీ, రికార్డింగు థియేటరే ఓ వాయిద్యమనీ అది నిరూపించింది. ఆ పాఠం టాగెస్‌ కుర్రాళ్లకూ వాళ్ల నిర్మాత ఆండెర్స్‌ హెన్రిక్‌సన్‌కూ బాగా ఒంటబట్టింది. ‘స్టూడియో’ అన్న పేరు పెట్టడంలోనే ఆ సంగతి తెలిసిపోతుంది. రికార్డు మీద ముద్ర పార్లోఫోన్‌. బీటిల్స్‌ రికార్డులు వేసిన ఈఎంఐ కంపెనీదే ఆ లేబుల్‌. మన ఇళ్లల్లో కుక్కబొమ్మ రికార్డుగా తెలిసిన హెచ్‌ఎంవీ కూడా ఆ కుటుంబంలోదే. లండన్‌లో బీటిల్స్‌, స్వీడన్‌లో టాగెస్‌, మద్రాసులో ఘంటసాల... ముగ్గురి పాటలూ ఒకే బ్రిటిష్‌ సంస్థ నీడలో అచ్చయ్యాయన్నమాట.

విశేషమేంటంటే, బ్రిటిష్‌ విద్య బాగా వంటబట్టాక ఆ కుర్రాళ్లకు సొంత ఊరు గుర్తొచ్చింది. ‘స్టూడియో’లో ఇంగ్లిష్‌ మాటల మధ్య స్వీడన్‌ జానపద బాణీల వాసన తగులుతుంది. 1968లో టామీ బ్లూమ్‌ బయటికొచ్చేశాక మిగతావాళ్లు ‘బ్లాండ్‌’ పేరుతో 1969లో ఓ ఆల్బమ్‌ చేశారు. దాని ప్రధాన గీతానికి ఆధారం... పొలం పుట్రా అమ్ముకుని పొట్టచేతబట్టుకుని అమెరికా వలసపోయిన స్వీడన్‌ రైతుల పాత పాట. యోరాన్‌ లాగెర్‌బెర్గ్‌ తర్వాత చేరింది జానపద బాణీలకు పేరుపడ్డ ‘కెబ్నెకైసె’ బృందంలో. లండన్‌ వైపు నడిచిన కుర్రాడు సొంత పల్లెపాట దగ్గరికి చేరాడు!

మనకు కొత్తా?

ఈ ఇచ్చిపుచ్చుకోవడం మన సంగీతానికి కొత్తేం కాదు. మద్రాసు సెయింట్‌ జార్జి కోటలో కంపెనీ సైనికుల బ్యాండు వాయించే బాణీలు ముత్తుస్వామి దీక్షితుల చెవిన పడ్డాయి. ఆ బాణీలకు ఆయన సంస్కృతంలో దేవతాస్తుతులు రాశారు. వాటినే నొట్టుస్వరాలంటారు. ఇంగ్లాండు రాజును దేవుడు కాపాడాలని కోరే పాట బాణీ, ఆయన చేతిలో అమ్మవారి ప్రార్థన అయింది. అలాంటివి దాదాపు నలభై. కడపవాళ్లకు ఆత్మబంధువైన సి.పి.బ్రౌన్‌ 1830ల్లో వాటిలో కొన్నింటిని తెలుగు లిపిలో రాయించి భద్రపరిచాడు. ఇంగ్లిష్‌ బాణీ, సంస్కృత సాహిత్యం, తెలుగు లిపి... పుణ్యం ఓ దొరది!

ముత్తుస్వామి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ కోట బ్యాండు వాళ్ల దగ్గరే వయొలిన్‌ నేర్చుకున్నారు. ఈరోజు వయొలిన్‌ లేని కర్ణాటక కచేరీని ఊహించగలమా? ఆ వాయిద్యాన్ని ద్వారం వెంకటస్వామి నాయుడు విజయనగరంలో ఎంత ఎత్తుకు తీసుకెళ్లారంటే, 1952లో మద్రాసు వచ్చిన జగత్ప్రసిద్ధ వయొలిన్‌ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్‌ విని ముగ్ధుడయ్యాడు. పడమటి నుంచి వచ్చిన వాయిద్యం మీద పడమటివాడికే కొత్త సంగతులు వినిపించాయి.

అరవైల్లో సినిమా పాటలదీ అదే దారి. మద్రాసు స్టూడియోల్లో వీణ పక్కన గిటారు, తబలా పక్కన డ్రమ్ము చేరాయి. వాటిని వాయించినవారిలో ఆంగ్లో ఇండియన్లు, గోవా నుంచి వచ్చినవాళ్లు ఎందరో. హీరో కాలేజీ కుర్రాడైతే ట్విస్టు పాట ఉండాల్సిందే. అదే ‘ప్రేమించి చూడు’లో, ‘లేత మనసులు’లో శ్రీనివాస్‌ చేత పాడించిన హుషారు పాటలు వింటే ఆ గాలి తెలుస్తుంది. ఘంటసాల ఠీవి అవసరం లేని చోట, నవ్వుతూ తేలిగ్గా పాడాల్సిన చోట ఆ మెత్తని గొంతే కావాల్సివచ్చింది.

గాలి ఇటునుంచి అటూ వీచింది. 1965లో బీటిల్స్‌ పాటలో సితార్‌ మోగింది. 1967 ఆల్బమ్‌లో జార్జి హారిసన్‌ ఓ పాట మొత్తాన్ని దిల్‌రుబా, తబలా, తంబూరాలతో నింపేశాడు. వాటిని వాయించింది లండన్‌లో ఉన్న భారతీయులే. ఆ ఆల్బమ్‌ను చూసి స్ఫూర్తి పొందిన స్వీడన్‌ కుర్రాళ్లకు, తమకు తెలియకుండానే మన తంబూరా శ్రుతి కూడా కాస్త అందింది. ఎవరు ఎవరికి బాకీ అని లెక్కలు వేస్తే తేలే వ్యవహారం కాదిది.

రెండోవైపు ఏముంది?

ఇక మన రికార్డు దగ్గరికి వద్దాం. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టిన సందర్భంలో ప్రపంచం నలుమూలలా పాటలు పుట్టాయి. వాటిలో చాలావాటికి రాకెట్టు, సాహసం, అమెరికా గొప్పదనమే వస్తువులు. శ్రీనివాస్‌ రికార్డు మొదటివైపు కూడా అంతే, మనిషి చంద్రుణ్ణి చేరడం. కానీ ఆయన అక్కడ ఆగలేదు. రికార్డు తిప్పితే రెండోవైపు పేరు ‘మూన్‌ టు గాడ్‌’. చంద్రుణ్ణి చేరావు సరే, అక్కణ్నుంచి దేవుడి దగ్గరికి దారెటు? భాష ఇంగ్లిష్‌ది. సందర్భం అమెరికాది. ప్రశ్న మాత్రం అచ్చంగా మనది. హరికథలో, భజనలో, తత్వాల్లో వినిపించే ప్రశ్నే. రాఘవేంద్రస్వామి కీర్తన పాడిన గొంతుకు ఆ ప్రశ్న కొత్తది కాదు.

టాగెస్‌ కుర్రాళ్లు చేసిందీ అదే. బాణీ కట్టే విద్య లండన్‌లో నేర్చుకుని అందులో తమ పల్లెల్ని పెట్టారు. దీక్షితులవారు బ్యాండు బాణీలో అమ్మవారిని పెట్టారు. పాత్ర ఎవరిదైనా కావచ్చు, అందులో వడ్డించే వంట మనదైతే చాలు. ఇక్కడ ఓ మెలిక ఉంది. ఇది ఊరికే రాదు. శ్రీనివాస్‌ ఎనిమిది భాషల కోసం ఎన్నేళ్లు కష్టపడ్డారో, టాగెస్‌ బృందం అయిదు ఆల్బమ్‌ల దాకా ఎంత సాధన చేసిందో మరచిపోకూడదు. పరాయి విద్య సగం సగం వస్తే మిగిలేది అనుకరణే. పూర్తిగా వస్తేనే అందులో మనకంటూ చెప్పుకోవడానికి చోటు దొరుకుతుంది.

దీనికి మూల్యం కూడా ఉంది. ఇంగ్లిష్‌లో ఎంత బాగా పాడినా టాగెస్‌ పేరు బ్రిటన్‌లో మోగలేదు. సొంతదేశంలో మాత్రం ‘స్టూడియో’ను అరవైల నాటి మేటి ఆల్బమ్‌లలో ఒకటిగా విమర్శకులు తలచుకుంటారు. అదే స్వీడన్‌ నుంచి వచ్చిన ‘అబ్బా’ బృందం 1974లో ఇంగ్లాండులోని బ్రైటన్‌లో యూరోవిజన్‌ పోటీ గెలిచి ప్రపంచాన్ని ఊపేసింది. తమాషా ఏంటంటే, ఆ రోజు బ్రిటన్‌ న్యాయనిర్ణేతలు వాళ్లకిచ్చిన మార్కులు సున్నా! గాయకుడు టామీ బ్లూమ్‌ తర్వాత రేడియోలో పనిచేశాడు, 2004లో కన్నుమూశాడు.

శ్రీనివాస్‌కూ 1974 మలుపు తిప్పిన ఏడాదే. ‘సంపత్తిగె సవాల్‌’లో జి.కె.వెంకటేశ్‌ ఓ పాటను రాజ్‌కుమార్‌ చేతే పాడించారు. అది మోగిపోయింది. అక్కణ్నుంచి రాజ్‌కుమార్‌ తన పాటలు తానే పాడుకోసాగారు. పద్నాలుగేళ్లు ఓ మహానటుడికి గొంతునిచ్చిన గాయకుడికి చేతినిండా పని తగ్గింది. పొరుగింటి ఆత్మీయత ఎంత గొప్పదైనా ఇంటివాడే గొంతెత్తాక చుట్టానికి అంతకుముందున్న చోటు దొరకదు. సొంతింట తెలుగులోనేమో మొదటినుంచీ అంతంతమాత్రమే.

ఆయన మాత్రం ఎవరినీ నిందించలేదు, పాటనూ భాషల్నీ వదల్లేదు. మద్రాసు కెథీడ్రల్‌ రోడ్డులోని ఉడ్‌ల్యాండ్స్‌ డ్రైవ్‌ ఇన్‌ హోటల్‌కు వెళ్లేవాళ్లకు ఆ దృశ్యం బాగా గుర్తుంటుంది. తలపాగా, జేబునిండా రంగురంగుల పెన్నులు, ముందు కాగితాల కట్ట, పక్కన చల్లారిపోతున్న కాఫీ. ఏదో ఓ భాషలో ఏదో ఓటి రాస్తూనే ఉండేవారు. 2008లో ఆ హోటల్‌ మూతపడేదాకా అదే ఆయన ఆఫీసు. ‘నవనీత సుమసుధ’ అనే రాగాన్ని సృష్టించి, అందులో పాటలూ రాశారు. 2013 ఏప్రిల్‌ 14న చెన్నైలో ఆ గొంతు మూగబోయింది. అప్పటికి వయసు ఎనభై రెండేళ్లు.

మరో చిన్న సంగతి. ఎస్‌.పి.బాలసుబ్రహ్మణ్యం తొలిసారి సినిమాకు పాడింది ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’ (1967) కోసం. అది నలుగురు పాడిన పాట. సుశీల, ఈలపాట రఘురామయ్య, బాలు... నాలుగో గొంతు శ్రీనివాస్‌. తర్వాత బాలు కూడా ఎన్నో భాషల్లో పాడి, ప్రతి చోటా మావాడే అనిపించుకున్నారు. ఆ దారిలో ముందు నడిచినవాళ్లలో కాకినాడ పెద్దాయనా ఒకరు.

మా పిల్లలు ఇంగ్లిష్‌ పాటలే వింటున్నారు, ఇప్పుడైతే కొరియా పాటలూ మొదలెట్టారు... అని దిగులుపడే తల్లిదండ్రులు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ ఉంటారు. ఆ దిగులు అర్థం లేనిదేమీ కాదు. పిల్లాడికి తెలుగు పాట ఒక్కటీ రాకపోతే రేపు ఆ పరాయి బాణీలో పెట్టడానికి వాడి దగ్గర ఏమీ ఉండదు. అందుకే విననివ్వండి... బాగా నేర్చుకోనివ్వండి. దాంతోపాటు అమ్మమ్మ పాడే జోలపాట, ఊళ్లో గుడి దగ్గర వినిపించే భజన కూడా వాడి చెవిన పడేలా చూడండి. రికార్డుకు రెండు వైపులుంటాయి. ఒకవైపు ఎవరి పాటైనా కావచ్చు. రెండోవైపు నింపుకోవడానికి మాత్రం ఇంట్లోంచే ఏదో ఒకటి ఇచ్చి పంపాలి.